ఊడుపు చేలో మైకు

ఆ పాట మొదటిసారి మోగినప్పుడు మా ముఠా అంతా వీరభద్రరాజు గారి చేలో వంగి ఉంది. ఎడమచేతిలో నారుకట్ట, కుడిచెయ్యి బురదలో. చెవులు మూసుకుందామంటే ఖాళీ చెయ్యి లేదు.

చేల మధ్య పుంతరోడ్డు మీద ఆటో ఆగింది. దాని నెత్తిన రెండు మైకులు.

“మాపటేళ మరిడమ్మా, మల్లెపూలు ఎవరికమ్మా?
మొగుడు లేని ఇంటికాడ మీటింగులు ఎందుకమ్మా?”

మరిడమ్మ నా పక్క వరసలోనే నాటుతోంది. ఆమె వీపు బిగుసుకుపోయింది. తల మాత్రం ఎత్తలేదు. ఊడుపులో మేం వెనక్కి నడుస్తాం. ఆ రోజు ఒక్కో అడుగూ వెనక్కి వేస్తూ, ఎదురుగా మోగుతున్న ఆ బూతు వింటూ మడి చివరిదాకా నాటాం. మధ్యలో ఒకరు గట్టెక్కితే ఆ వరస మిగతావాళ్ల నడుం మీద పడుతుంది. అందుకే ఎవరూ ఎక్కరు. ఆ సంగతి రాజుగారికి మాకంటే బాగా తెలుసు.

ఆ ముఠాకి మేస్త్రిని నేనే. కరుణమ్మ అంటారు. కోపంగా చెబుతోందేంటి ఈవిడ అనుకుంటే అనుకోండి. ఆ పాట విన్న చెవులు నావి.

రెండువేల ఒకటిలో మా ఊరి ప్రెసిడెంటు పదవి ఎస్సీ ఆడవాళ్లకి వచ్చింది. అంతవరకూ అది తాత, తండ్రి, తర్వాత వీరభద్రరాజు గారు కూర్చున్న కుర్చీ. వదులుతాడా? తన రొయ్యల చెరువు కాపలాదారు బుల్లియ్యకి చెప్పి, వాడి పెళ్లాం పాపాయి చేత నామినేషన్ వేయించాడు. మేం మరిడమ్మని నిలబెట్టాం. రాజుగారి రొయ్యల చెరువుల ఉప్పునీళ్లు మా పేట మంచినీళ్ల చెరువులోకి దిగిపోతుంటే, ఆ రొయ్యల చెరువులు మూయించాలని మొదట నోరు తెరిచింది ఆమే. మొగుడు పోయిన మనిషి. మీటింగులు ఆమె అరుగు మీదే జరిగేవి.

ఉప్పునీళ్ల గురించి ఆ పాటలో ఒక్క ముక్క లేదు. ఆడది, మొగుడు లేదు, ఇంటికి మగాళ్లు వస్తారు. అంతే! ఆడదాన్ని ఓడించడానికి అంతకంటే ఏం కావాలనుకున్నాడు.

పాపాయి కూడా మా ముఠా పిల్లే. పాట చివర “మీ ఓటు పాపాయమ్మ గారికే” అని వచ్చినప్పుడల్లా ఆ పిల్ల బురదలోకి ఇంకా వంగిపోయేది.

ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చి వసారాలో కూర్చున్నాం. కూలి సంఘం నాయకుడు అబ్రహాము ఊగిపోతున్నాడు.

“దెబ్బకి దెబ్బే! పాపాయి రాజుగారి చెరువు మకాంలో ఏం చేత్తాదో ఊరికి తెలీదా? మనమూ కడదాం పాట. మన కాలేజీ కుర్రోళ్లు రాసేశారు కూడాను.”

కుర్రాళ్లు ఈలలేశారు. ఎవరో కాదు, మా జెండా మోసే కుర్రాళ్లే! నాకు ఒళ్లు మండిపోయింది.

మరిడమ్మ లేచింది. “మకాంలో అది అంట్లు తోముద్ది. ఒకప్పుడు నేనూ తోమాను. దాని మీద కడితే నా మీద కట్టినట్టే.”

“మరి నోరు మూసుక్కూర్చోమంటావా వదినా?”

“నీ నోటికి పాపాయే దొరికిందా అబ్రహామూ? రాజుగారు దొరకలేదా? ఉప్పునీళ్ల మీద కట్టు పాట. నేనే పాడతాను.”

అబ్రహాము కండువాతో మొహం తుడుచుకుని, “తప్పేనే వదినా” అన్నాడు.

అంత గట్టిగా మాట్లాడిన మనిషిని కూడా పాట వదల్లేదు. ఆమె కూతురు లావణ్య తణుకులో ఇంటర్ చదువుతోంది. మర్నాడు బస్టాండులో కుర్రాళ్లు ఆ పిల్లని చూసి పాట ఎత్తుకున్నారు. బస్సెక్కితే బస్సులోనూ అదే పాట. కండక్టరు కూడా నవ్వాడట. సగం దారిలో దిగిపోయి, ఏడుస్తూ నడిచొచ్చి, పుస్తకాలు అటక మీదికి విసిరేసింది.

సరిగ్గా అప్పుడే బుల్లియ్య రాజుగారి కబురు తెచ్చాడు. నామినేషన్ ఉపసంహరించుకునే గడువు దాటిపోయింది కాబట్టి పేరు బ్యాలెట్లో ఉండనే ఉంటుంది. రేపు చేలోకి ఆటో వస్తుంది. “నేను తప్పుకున్నాను” అని మరిడమ్మ మైకులో చెబితే పాట ఆగుతుంది. లేకపోతే పోలింగుదాకా మోగుతుంది.

“చెప్పేత్తాను కరుణా,” అంది మరిడమ్మ. “పిల్ల చదువు కంటే ఎక్కువా ఆ కుర్చీ?”

వద్దని అనలేకపోయాను. తప్పుకుంటే పాట నిజమని ఒప్పుకున్నట్టు, తప్పుకోకపోతే పిల్ల బతుకు అటకెక్కినట్టు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

మర్నాడు రాజుగారు గొడుగేసుకుని స్వయంగా వచ్చాడు. “రావే మరిడమ్మా. రెండు ముక్కలు చెప్పెయ్. నీ పరువు నీకుంటుంది.”

ఆమె మోకాళ్లదాకా బురదతో గట్టెక్కి మైకు అందుకుంది. “నేను... మరిడమ్మనండి...” అంది. ఆపైన ఆమె ఊపిరే చేలన్నిటి మీదా వినబడింది. మేం వంగిన వాళ్లం వంగినట్టే ఉన్నాం. దేవుడా, ఆ క్షణం ఎంతకీ గడవలేదు!

మా వరసలోంచి పాపాయి నడుమెత్తింది.

“దిగవే చేలోకి!” అని బుల్లియ్య అరిచాడు. ఆ పిల్ల మొగుడి వంక కూడా చూడలేదు. తిన్నగా వెళ్లి మరిడమ్మ చేతిలో మైకు తీసుకుంది.

“నేను పాపాయినండి. ఈ పాట నా కోసమేనంట. నన్నెవరూ అడగలేదండి. రేపు నేను గెలిచి, చెరువులు మూసెయ్యండని అన్నాననుకోండి. మరిడమ్మత్త పేరు తీసేసి ఇదే పాటలో నా పేరు పెడతారు. మా ఆయన పక్కనే నిలబడి ఈలేత్తాడు. ఇలాంటి పాటతో వచ్చే ఓటు నాకొద్దండి. అత్తకే వెయ్యండి.”

“ఆపరా మైకు!” రాజుగారి గొడుగు గట్టు మీద పడింది.

“ఎక్కండే!” అన్నాను నేను. చేతిలో కట్టలు నీళ్లలోనే నిలబెట్టి, వేళ్లు ఎండకుండా చూసి మరీ గట్టెక్కాం. నారు మీద మాకేం పగ లేదు.

మధ్యాహ్నానికి జీపు వచ్చింది. “రాజుగారి మైకు లాక్కున్నారు. ఎన్నికల కోడ్ ఉల్లంఘన,” అన్నాడు ఎస్సై.

“ఇన్నాళ్లూ మోగిన పాటకి కోడ్ లేదాండీ?” అన్నాను.

“నోర్ముయ్!” అన్నాడు. మరిడమ్మనీ పాపాయినీ ఒకే జీపులో ఎక్కించాడు. ఒకరి మీద ఒకరు పోటీకి దిగిన ఆ ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని కూర్చున్నారు.

మేం జీపు వెనకే నడిచాం. అబ్రహామూ అతని కుర్రాళ్లూ మా వెనక వచ్చారు. పక్క చేలల్లో ముఠాలు నడుములెత్తి చూశాయి.

“ఎక్కడికే?”

“పాట విన్నారు కదే, రండి!”

ఒక్కో చేనూ ఖాళీ అయింది. లావణ్య ఇంట్లోంచి వచ్చి మా ముందు నడిచింది. బస్టాండు దగ్గర ఒకడు అలవాటుగా పాట ఎత్తబోయాడు. ఆ పిల్ల ఆగి వాడికేసి చూసింది. వెనక బురద కాళ్లతో ఇన్ని పేటల ఆడవాళ్లం. వాడు పక్కసందులోకి జారుకున్నాడు.

స్టేషన్ మెట్ల ముందు నేల మీదే కూర్చున్నాం. సాయంత్రం వానలో రాజుగారు అక్కడికి వచ్చాడు. “ఏంటే మేస్త్రీ ఇది! పీకిన నారు చెడిపోతోంది. పాట ఆపించేశాను కదా, రేపు దిగండి.”

“ఆపితే సరిపోదండి,” అన్నాను. “ఆ ఇద్దరినీ వదిలించండి. ఆ ఆటోలోనే, ఆ వీధుల్లోనే తిరిగి, మరిడమ్మ గురించి పాడించినవన్నీ అబద్ధాలని మీ నోటితో చెప్పండి. నారు సంగతి తర్వాత చూద్దాం.”

“నేనా? మైకులోనా?”

“ఆయ్. పొద్దున మరిడమ్మని చెప్పమన్నారుగా. ఇప్పుడు మీ వంతండి.”

ఆయన ఎస్సై వంక చూశాడు. ఎస్సై లాఠీ తీసుకుని మెట్లు దిగి, లేవమని అరిచాడు. తలుపు వెనక మా ఇద్దరూ ఇంకా లోపలే ఉన్నారు. లావణ్య వచ్చి నా పక్కన, ఆ బురదలోనే కూర్చుంది.

ఎవరం లేవలేదు.