దర్వాజా ముందు చెప్పులు

ఓరుగల్లు కోట చూడడానికి ఇప్పుడు బడిపిల్లలను బస్సుల్లో తీసుకుపోతున్నారు. వాళ్ళు రాతి ఏనుగుల తొండాలు తడిమి నవ్వుకుంటూ వస్తారు. ఆ కోటను నేనూ చూశాను. నైజాం మీదికి యూనియన్ మిలిటరీ వచ్చిన మరుసటి ఏడు, ఎండాకాలం, మా బావ భుజంలో తూటా ఉండగా చూశాను.

బావ పేరు యోసేపు. కొడకండ్ల పక్కన మా పల్లెలో చెప్పులు కుట్టేవాడు. దొరల మీద సంఘం లేచినప్పుడు తోలు కుట్టే ఆరె పక్కన పడేసి తుపాకి పట్టాడు. దొరను ఊరు దాటించాడు. మిలిటరీ రాగానే అదే దొర ఖద్దరు టోపీ పెట్టుకుని గడీకి తిరిగొచ్చాడు, బావ అడవిలోకి పోయాడు. తూటా తిని వచ్చేసరికి భుజం కుళ్ళడం మొదలైంది. హనుమకొండలో ఒక దవాఖాన కాంపౌండరు మా అక్క సాలమ్మకు మాట ఇచ్చాడు. దీపాలు పెట్టే వేళకు వెనక తలుపు దగ్గరికి తెమ్మన్నాడు. పగలు పోలీసులు తిరుగుతారు కాబట్టి ఆ ఛాయలకే రావద్దన్నాడు.

పొద్దున రైలు దిగితే సాయంత్రం దాకా ఎక్కడుండాలి? సత్రాల్లో సోదాలు. సంఘానికి చాటుగా సాయపడే జనగామ వ్యాపారి ప్రకాశం ఉపాయం చెప్పాడు.

"మూలకు ముడుసుకోని కూసున్నోన్నే పట్టుకుంటరు. నోరు తెరిసి రాళ్లు సూసేటోన్ని ఎవడడుగుతడు? షావుకారి లెక్క ఊరు సూడుండ్రి."

తన నల్లకోటు, టోపీ, ధోతి, ఆఖరుకు కిర్రుచెప్పులు కూడా ఇచ్చాడు.

"గివి నేను కుట్టినయే గద సేటూ," అన్నాడు బావ.

"అయితే నిన్ను కరువయ్ తియ్యి."

మా అక్క మొదటిసారి నుదుట బొట్టు పెట్టుకుంది. నేను జీతగాణ్ణి, మూట నా నెత్తి మీద.

ముందు వేయిస్తంభాల గుడికి పోయాం. చెప్పులు బయట విడిచి, మా తాతముత్తాతలెవరినీ తొక్కనివ్వని గడప దాటాం. నల్లరాతి స్తంభాలు అద్దాల్లా ఉన్నాయి. ఒకదాని ముందు బావ ఆగిపోయాడు. అందులో టోపీ పెట్టుకున్న షావుకారి, జ్వరంతో ఎర్రబడ్డ కళ్ళు.

"గీడెవడే సాలీ?"

"నా మొగడే. సప్పుడు జెయ్యకు."

పూజారి గోత్రం అడిగితే దొరికిపోతాం. ప్రకాశం నేర్పిన గోత్రం దారంతా వల్లించాను, అక్కడికొచ్చాక మరిచిపోయాను. పూజారి కునుకు తీస్తున్నాడు కాబట్టి బతికాం.

అక్కణ్ణుంచి జట్కాలో కోటకు. ప్రతి కుదుపుకూ బావ పెదవి కొరుక్కున్నాడు. కట్టు తడిసిందేమో చూడడానికి అక్క మాటిమాటికీ అతని మీదికి వాలింది.

"కొత్త పెండ్లా సేటూ?" అని జట్కావాడు నవ్వాడు. ముగ్గురం నవ్వాం. నవ్వకపోతే ఏమనుకుంటాడో.

కోట దర్వాజా దగ్గర దిగాం. ఎత్తయిన రాతిగోడలు. నీడలో ఇద్దరు పోలీసులు. ఒకడు పడుకున్నాడు. ఇంకొకడు తుపాకి ఒళ్ళో పెట్టుకుని బీడీ తాగుతున్నాడు.

తల ఎత్తుకుని నడవమని ప్రకాశం చెప్పాడు. బావ అట్లాగే నడిచాడు. దర్వాజా నీడ మీద పడగానే వంగాడు. ఎడమ చేత్తో చెప్పులు తీసి చంకలో పెట్టుకున్నాడు. వంగిన నడుము వంగినట్టే ఉంది.

గడీ ముందు నుంచి మా వాళ్ళంతా అట్లాగే పోయేవాళ్ళు. ఏ షావుకారీ అట్లా పోడు. దొరను తరిమిన మనిషే, కానీ ఆ రాళ్ళు కనబడగానే ఒళ్ళు తన పని తాను చేసుకుపోయింది.

"ఓ సేటూ!" పోలీసు బీడీ పారేశాడు. "గిదేమన్న గుడా? చెప్పులెందుకు ఇడ్సినవ్?"

చంకలో ఏముందో బావకు అప్పుడు తెలిసింది.

"మొక్కున్నది బాంచెన్," అంది అక్క. "లోపలి శివునికి."

అన్నాక ఆమె ముఖం పాలిపోయింది. బాంచెన్ అనేది మేము దొర ముందు అనే మాట. షావుకారి పెండ్లాం అంటుందా?

పోలీసు లేచి మా చుట్టూ తిరిగాడు. బావ కుడి భుజం దగ్గర ఆగాడు. అక్క పూసిన అత్తరును దాటి పుండు వాసన నా దాకా వస్తోంది.

"ఏ ఊరు?"

"జనగామ," అన్నాను.

"నిన్నడగలే."

"జనగామ," అన్నాడు బావ.

పోలీసు చూపు కిందికి దిగింది. బావ పగిలిన మడమలను చాలాసేపు చూశాడు.

"మా నాయిన గూడ గిట్లనే సంకల వెడ్తడు," అన్నాడు మెల్లగా. పడుకున్నవాడి వైపు ఒకసారి చూశాడు. వెంటనే అరిచాడు, "తొడుక్కో! గిక్కడ దొర లేడు. తొడుక్కొని నడువ్!"

బావ చెప్పులు కింద వేశాడు. తాను కుట్టిన చెప్పులే, బొటనవేలు దూరదు. అక్క కూర్చుని తొడిగింది.

నడిచాం. వెనక తుపాకి చప్పుడైనట్టే అనిపించింది. లోపల రాతి తోరణాలు, హంసలు, విరిగిన స్తంభాలు. అన్నిటి ముందూ నిలబడ్డాం, మనసంతా వీపు మీదే ఉంది. ఇంకో దర్వాజా నుంచి బయటపడ్డాం.

దీపాల వేళకు దవాఖాన వెనక తలుపు తెరిచారు. తూటా బయటికి వచ్చింది. బావ బతికాడు గాని, ఆ చెయ్యి మళ్ళీ పైకి లేవలేదు.

ఆ పోలీసును అక్క ఇప్పటికీ ప్రార్థనలో తలుస్తుంది. నేను తలవను. అంత మంచివాడు ఎవరి కోసం తుపాకి పట్టాడు?

దొర కొడుకు ఇప్పుడు సమితి ప్రెసిడెంటు. మొన్న బావా నేనూ గడీ ముందు నుంచి పోతున్నాం. గోడ నీడలోకి రాగానే బావ ఆగాడు. ఎడమ చెయ్యి కాళ్ళ దిక్కు పోయింది.

"తొడుక్కొని నడువ్," అని అరిచాను. గొంతు నాదే గాని, మాట ఆ పోలీసుది.