రెండో విజిల్

మా నీళ్ళ డ్రమ్మును కాల్చినవాడు నా తోడల్లుడు.

ముందు ఆ సంగతి చెప్పాలి. రాళ్ళ క్వారీలో మాకు తాగడానికి ఉన్నది ఒకే ఒక్క నీలం డ్రమ్ము. ఆ పూట ట్యాంకరు రాలేదు. డ్రమ్ములో మిగిలిన నీళ్ళ కోసం ఆడవాళ్ళు వరస కట్టారు. అప్పుడే కాంట్రాక్టరు కారు దిగాడు.

"పని మానేసి ఇక్కడేం పెళ్ళి జరుగుతోందా?" అన్నాడు.

మా ఆవిడ ఊరుకునే రకం కాదు. "నీళ్ళు పోయకపోతే మీ కారే కదలదు కదండీ. మేమెట్లా కదులుతాం?" అంది.

నలుగురూ నవ్వారు. ఆ నవ్వు కాంట్రాక్టరుకు కారం రాసినట్టయింది. వెనక్కి తిరిగి గన్‌మెన్ వైపు చూసి గడ్డం ఎగరేశాడు. గన్‌మెన్ అంటే ఎవరో కాదు, నా తోడల్లుడే, మా ఆవిడ అక్క మొగుడు. భుజం మీది తుపాకి దించి డ్రమ్మును కాల్చాడు.

చప్పుడు వినగానే మేమంతా ఉన్నచోటే కూలబడి రెండు చేతులూ తలమీద పెట్టుకున్నాం.

భయపడి కాదు. అది మా పని నేర్పిన అలవాటు. క్వారీలో కొండకు కన్నాలు వేసి, మందు కూరి పేల్చేముందు ఒక విజిల్ వేస్తారు. పేలాక రాళ్ళు వానలా కురుస్తాయి. ఒక్కోసారి ఒక కన్నంలో మందు ఆలస్యంగా పేలుతుంది. అయిపోయిందిలే అని తొందరపడి లేచినవాడు మళ్ళీ ఎప్పటికీ లేవడు. అందుకే మొదటి విజిల్ విన్నా వినకపోయినా, చప్పుడైతే కూర్చోవాలి. రెండో విజిల్ పడేదాకా లేవకూడదు. మేనేజరు అరిచినా సరే, కన్నతల్లి పిలిచినా సరే. ఆ విజిల్ వేసేది విజిల్ పెద్దమ్మ. ఆమె మొగుడు అలా తొందరపడి లేచినవాడే.

ఇదంతా కాంట్రాక్టరుకేం తెలుసు? పొట్ట పట్టుకుని నవ్వాడు. "చూడండ్రా, ఒక్క తూటాకి ఎట్లా మొక్కుతున్నారో! ఇట్లాంటివి ఇంకో పది ఉంటే ఈ క్వారీలో ఒక్క నోరూ లేవదు" అన్నాడు.

పెద్దమ్మ విజిల్ ఊది మమ్మల్ని లేపింది. పరుగున పోయి డ్రమ్ముకు పడిన కన్నంలో బొటనవేలు పెట్టి నిలబడింది. అప్పటికే సగం నీళ్ళు మట్టిపాలయ్యాయి.

అందరికీ కోపం వచ్చింది. నాకు కోపంతో పాటు కుళ్ళూ వచ్చింది. అదేం ఇవాళ పుట్టింది కాదు. ఆ మనిషి ఒకప్పుడు నా పక్కనే సుత్తి పట్టుకుని రాళ్ళు కొట్టినవాడు. నేను డ్రిల్లరును. కొండకు కన్నం వేయడంలో నన్ను మించినవాడు లేడు. అయినా వాడి కాళ్ళకు మెరిసే బూట్లు, నా కాళ్ళకు పగుళ్ళు. అత్తారింటికి పోతే వాడికి కుర్చీ, నాకు గడప. వాడు దాహమంటే నాలుగు చేతులు గ్లాసు అందిస్తాయి. నేనంటే, "కుండ అక్కడే ఉంది" అంటారు. వాడి తుపాకి గోడకు ఆనించి ఉంటే మా మామ కూడా గొంతు తగ్గించి మాట్లాడతాడు. తిరిగొచ్చే దారంతా మా ఆవిడ ఒకటే పాట, "మా బావని చూడు."

చూస్తూనే ఉన్నాను. చూసి చూసి నా కడుపులో పొయ్యి రాజుకుంది. అసూయ పాపమంటారు కొందరు. అది ఉన్నవాళ్ళు లేనివాళ్ళకు చెప్పే నీతి. వాడికెందుకుంది, నాకెందుకు లేదు అని ఒక్కసారైనా కడుపు మండనివాడు కూలీల సంఘంలోకి ఏం చేయడానికి వస్తాడు?

పోలీస్ స్టేషన్ ఎదురుగా టీ బడ్డీ ఉంది. ఆ సాయంత్రం అక్కడ ఒక ముసలి కానిస్టేబులు తగిలాడు. డ్రమ్ము సంగతి చెప్పాను. నాకంటే ఆయన కడుపే ఎక్కువ మండుతోందని అప్పుడు తెలిసింది.

"మీ తోడల్లుడికి వారం వారం మా ఫైరింగ్ రేంజిలో తుపాకి ప్రాక్టీసు. అది కూడా మా తూటాలతో. నేను తుపాకి పేల్చి ఎన్నేళ్ళయిందో నాకే గుర్తు లేదు. అడిగితే శిక్షణకి డబ్బుల్లేవంటారు. ఇక మా జీపు, అది కాంట్రాక్టరు పిల్లల్ని బడిలో దింపుతుంది. దొంగలు పడ్డారని ఫోనొస్తే నేను సైకిలెక్కి పోవాలి."

"కంచే చేను మేస్తోందన్నమాట" అన్నాను.

"మేసే కంచె వేరే ఉందిలే. నాకు గడ్డిపరక కూడా దక్కలేదు" అన్నాడు. తర్వాత అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "మీ కాంట్రాక్టరు ఇంకో పది తుపాకులకి లైసెన్సు అడిగాడు, తెలుసా? ప్రాణభయం ఉందన్నాడు."

"ఎవరివల్ల?"

"ఇంకెవరివల్ల? మీవల్లే."

నేను గ్లాసు బల్లమీద పెట్టి ఆయన దగ్గరికి జరిగాను.

"సోమవారం ప్రభుత్వం తరపున పెద్దాఫీసరు వస్తున్నాడు. స్టేషన్‌కిచ్చిన బండ్లు, తుపాకులు, శిక్షణ అన్నీ సరిగ్గా వాడుతున్నారో లేదో చూస్తాడు. ఆ లైసెన్సుల సంగతీ అప్పుడే తేలుస్తాడు. అభ్యంతరమున్నవాళ్ళు వచ్చి చెప్పుకోవచ్చని ఊరంతా మైకులో చెప్పించాలి. మా ఎస్సై చెప్పించాడు, కాంట్రాక్టరు గారి ఇంటి హాల్లో."

మర్నాడు మధ్యాహ్నం కంకర కొట్టే క్రషర్ షెడ్డులో అందరం కూర్చున్నాం. కానిస్టేబులు చెప్పిందంతా చెప్పి, నా మనసులో మాట కూడా కక్కేశాను.

"మనమూ లైసెన్సు అడుగుదాం. మనకి మాత్రం లేదా ప్రాణభయం?"

మా ఆవిడ అందుకుంది. "పులిని చూసి నక్క వాత పెట్టుకుందట! భుజాన తుపాకి వేసుకుంటే మా బావలా కనిపిస్తావనా?"

షెడ్డంతా ఘొల్లుమంది. నా మొహం మాడిపోయింది.

క్రషర్ నడిపే అతను మాత్రం నవ్వలేదు. "కర్ర ఉన్నవాడిదే బర్రె. వాడికి తుపాకులు ఎట్లాగూ వస్తాయి. అడ్డం పోయి చెడ్డవాళ్ళం కావడం ఎందుకు?" అన్నాడు.

"ఇప్పుడు మంచివాళ్ళమా?" పెద్దమ్మ లేచి నిలబడింది. "మనవల్ల వాడికి ప్రాణభయమట. కొండ పగలగొట్టేది మనం, మందు పేల్చేది మనం. ఇన్నేళ్ళలో ఇక్కడ చచ్చిందెవరు? వాడా, నా మొగుడా?"

పెద్దమ్మ మెడలో విజిల్ తాడు సర్దుకుంది.

"ఆ పది తుపాకులూ వస్తే మళ్ళీ నీళ్ళడిగే గొంతుండదు. తుపాకి మనకొద్దు. వాడి దగ్గరా ఉండకూడదు. పోయి ఆ మాటే చెబుదాం. ఆ డ్రమ్ము కూడా దొర్లించుకు రండి."

"వినకపోతే?" అన్నాడు క్రషర్ అతను.

"వినేదాకా చెబుదాం. మనకేం, వినని రాళ్ళతో బతికినవాళ్ళం" అంది పెద్దమ్మ.

సోమవారం క్వారీ క్వారీయే కదిలింది. డ్రమ్ము దారిపొడుగునా డబడబమని మోగింది. గేటు దగ్గరున్న ముసలి కానిస్టేబులు మమ్మల్ని చూడనట్టే అటు తిరిగాడు. స్టేషన్ ఆవరణ కడిగిన పళ్ళెంలా ఉంది. జీపు కూడా స్నానం చేసి నిలబడింది. టెంటు కింద ఆఫీసరు, పక్క కుర్చీలో కాంట్రాక్టరు, వెనక నా తోడల్లుడు. నా కళ్ళు ముందు వాడి బూట్ల మీదికే పోయాయి. ఆ రోజు మరింత మెరుస్తున్నాయి.

"ఎవరు వీళ్ళు?" అన్నాడు ఆఫీసరు.

"నేను చెప్పిన అల్లరి మూక ఇదే సార్" అన్నాడు ఎస్సై. "ఈయనకి ప్రాణభయం వీళ్ళవల్లే."

పెద్దమ్మ ముందుకు పోయింది. "అయ్యా, మాకు అభ్యంతరం ఉంది. చెప్పుకోవడానికొచ్చాం. ఇది మా నీళ్ళ డ్రమ్ము. ఇదిగో కన్నం. ఈ డ్రమ్ము ఈయన ప్రాణానికి ఎట్లా అడ్డమొచ్చిందో కాస్త కనుక్కోండి."

మేం నవ్వాం. వరసలో నిలబడ్డ కానిస్టేబుళ్ళూ పెదాలు బిగించుకున్నారు. కాంట్రాక్టరు మొహం కందగడ్డయింది.

"కాల్చరా గాల్లోకి! ఒక్కడు మిగలడు" అని అరిచాడు.

నా తోడల్లుడు తుపాకి ఎత్తాడు. ఎదురుగా మరదలు. చెయ్యి ఆగింది. కాంట్రాక్టరు ఆ తుపాకి లాక్కుని తనే గాల్లోకి పేల్చాడు.

మేమంతా ఉన్నచోటే కూలబడ్డాం. చేతులు తలమీదికి పోయాయి. జనం గేటు విరిగేలా పరిగెడతారనుకుని ఎస్సై పక్కకు తప్పుకున్నాడు. ఒక్కరూ పరిగెత్తలేదు. ఆవరణంతా కూర్చుంది. ఆఫీసరు బల్ల పక్కన మెరిసే బూట్లు కూడా మడతపడ్డాయి. నా తోడల్లుడు రెండు చేతులూ తలమీద పెట్టుకుని కూర్చున్నాడు. తను పేల్చిన చప్పుడుకు ఎవడూ కూర్చోడు. ఇంకొకడు పేలిస్తే క్వారీ ఒళ్ళు బూట్ల మాట వినదు.

"అయ్యా ఆఫీసరు గారూ," చేతులు దించకుండానే మా ఆవిడ అరిచింది. "ఇప్పుడు చెప్పండి, ఎవరివల్ల ఎవరికి భయం?"

ఆఫీసరు తుపాకి వైపు చూశాడు. "ఆ తూటా ఎక్కడిది?" అన్నాడు.

"మాదే సార్" అంది గేటు దగ్గర్నుంచి ఒక ముసలి గొంతు.

ఎస్సై మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆఫీసరు తుపాకిని బల్లమీద పెట్టించాడు. అంతలో కాంట్రాక్టరు వంగి ఆయన చెవిలో ఏదో ఊదాడు. "లైసెన్సుల సంగతి తర్వాత చూద్దాం. ముందు వీళ్ళని పంపించెయ్యండి" అన్నాడు ఆఫీసరు. ప్రభుత్వానికి చెవి ఎప్పుడూ కుర్చీ ఉన్న వైపే ఉంటుంది.

"లేవండి!" లాఠీ ఆడించాడు ఎస్సై.

"రెండో విజిల్ పడలేదు సార్" అన్నాడు క్రషర్ అతను. పోతే చెడ్డవాళ్ళమవుతామన్నది ఈ మనిషే.

ఎస్సై పెద్దమ్మ మీదికి పోయాడు. "ఊదు!"

పెద్దమ్మ విజిల్‌ను పిడికిట్లో మూసింది. "ఒక్క కన్నమే పేలింది బాబూ. ఇంకా పది కన్నాల్లో మందుంది. ఆ పది లైసెన్సులూ కావని ఈ అయ్యగారు నోటితో చెప్పేదాకా లేవడం మంచిది కాదు."

ఆమెను జబ్బలు పట్టి జీపులో పడేశారు. ఆ బండి పోలీసు పని మీద కదలడం మేమెప్పుడూ చూడలేదు. దానికి దొరికిన మొదటి పోలీసు పని ఇదయింది.

"లేవరా, నా ఉప్పు తిన్నవాడా!" కాంట్రాక్టరు తన గన్‌మెన్ మీద అరిచాడు.

"పెద్దమ్మ ఊదలేదండీ" అన్నాడు నా తోడల్లుడు. అని ఊరుకోలేదు. లేవకుండా, కూర్చున్నవాడు కూర్చున్నట్టే జరుక్కుంటూ పోయి జీపు ముందు చక్రానికి అడ్డం కూర్చున్నాడు.

"చూశావా మా బావని!" అంది మా ఆవిడ.

నా కడుపు భగ్గుమంది. అత్తారింట్లో వాడే ముందు, క్వారీలో వాడే ముందు, ఆఖరికి ఇక్కడ కూడా వాడేనా? లేవకూడదన్నారు గానీ జరగకూడదని ఎవరూ అనలేదు. నేనూ జరిగాను. మోకాళ్ళు గీసుకుపోతున్నా ఆగకుండా జరిగి, వాడి కంటే జానెడు ముందు, చక్రానికి ఆనుకుని కూర్చున్నాను. నా వెనకే మా ఆవిడ, ఆమె వెనక క్రషర్ అతను, ఆ వెనక అందరూ. చూస్తుండగానే జీపుకీ గేటుకీ మధ్య నేల కనిపించకుండా పోయింది.

"కాస్త జరుగు, కాలు పెట్టుకుంటా" అన్నాడు నా తోడల్లుడు.

"నువ్వే జరుగన్నా" అన్నాను. అన్నా అని పిలవడం అదే మొదలు.

జీపులోంచి పెద్దమ్మ మా ఇద్దరినీ చూసింది. పిడికిలి విప్పలేదు.

డ్రైవరు హారన్ కొట్టాడు. మా క్వారీలో హారన్‌కి ఎవరూ లేవరు.