ఆక్లీ గ్రిల్‌లో మూడో కంచం

ఎర్ర తోలు సోఫాలో కూర్చున్న ఫ్లోరా ముందు మూడు కంచాలు పరిచి ఉన్నాయి, ఎదురుగా ఆమె తండ్రి సత్యానందం, ఇరవై రెండేళ్ల కిందట చచ్చిపోయినవాడు, తెల్లటి వంటవాడి టోపీ పెట్టుకుని దొరలా కూర్చుని ఉన్నాడు. ఇది ఆక్లీ గ్రిల్ అని ఆమెకు తెలుస్తూనే ఉంది, సికింద్రాబాదులో ఆయన పెద్దకూర స్టేకులు కాల్చిన హోటలు, ఇత్తడి దీపాలు, గళ్ల బల్లగుడ్డలు, చెక్కపలక మీద సుయ్యిమంటూ వచ్చే ఇనప పెనాలు, అన్నీ ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. హాలు చివర మాత్రం గోడ లేదు. అక్కడ సమాధుల తోట మొదలవుతోంది, వెయిటర్లు సమాధుల మధ్య నుంచే సూపు గిన్నెలు మోసుకొస్తున్నారు, దానికెవరూ ఆశ్చర్యపోవడం లేదు.

ఈ హాల్లో కూర్చోవడం ఆమెకు ఇదే మొదలు. ప్రతి క్రిస్మస్‌కీ ఆయన భార్యనూ కూతురినీ వంటింటి వెనక గుమ్మం దగ్గర నిలబెట్టి, కోయగా మిగిలిన కొసలు కాగితంలో చుట్టి ఇచ్చి, "వచ్చే యేడు హాల్ల కూసొవెట్టి తినిపిస్త" అనేవాడు. ఆ వచ్చే యేడు రానే లేదు.

"మూడో ఆమె ఎప్పుడొస్తది సార్?" వెయిటర్ అడుగుతాడు.

"రేపు పది గంటలకు," అంటాడు సత్యానందం.

ఫ్లోరా ఖాళీగా ఉన్న మూడో కంచం వైపు చూస్తుంది. రేపు పదింటికే అమ్మను పూడ్చేది. తోటలో జాగా లేదు, నాయిన సమాధి తెరిచి ఆయన మీదే అమ్మ పెట్టె దించుదామని సంఘపెద్ద జ్ఞానప్రకాశం నిన్నటి నుంచి అడుగుతున్నాడు, ఆమె ఇంకా ఔననలేదు, కాదనలేదు.

"అమ్మను ఎందుకు కొట్టేటోడివి నాయినా?"

"నిలవడి నిలవడి కాళ్లు గుంజుతుండె. గ్రిల్లు కాడ మొఖం కాలుతుండె," అంటూ ఆయన ఒళ్లోంచి పచ్చి మాంసం ముక్క తీసి, గళ్ల గుడ్డ మీదే పరిచి, చెక్క సుత్తితో కొట్టడం మొదలుపెడతాడు.

"వెయిటర్లు గుడ నిలవడ్డోళ్లే. వాళ్ల ఆడోళ్ల కనుబొమ్మలు పగిలినయా?"

దెబ్బ దెబ్బకూ కంచాలు ఎగిరిపడుతున్నాయి, నెత్తురు చిట్లి ఆమె మొహాన పడుతోంది, "మెత్తగ చేస్త, మెత్తగ చేస్త" అంటున్నాడాయన, అమ్మను జుట్టు పట్టుకుని గోడకేసి బాదేటప్పుడు అనే మాటే అది, ఆ గోడ కూడా ఇప్పుడొచ్చి బల్ల పక్కన నిలబడింది, లాలాగూడలోని వాళ్ల ఒంటిగది గోడ, అమ్మ తల తగిలి సున్నం రాలిన చోటుతో సహా. పక్క బల్లల వాళ్లు తల తిప్పకుండా ఎవరి ముక్కలు వాళ్లు కోసుకుంటున్నారు. లాలాగూడలోనూ అంతే, పొరుగువాళ్లు రేడియో కాస్త పెంచేవారు, దిక్కుమాలిన జనం.

అప్పుడు చూస్తుంది ఆమె, సుత్తి పట్టిన ఆయన కుడిచేతిని. అందులో మూడు వేళ్లు వంకరపోయి ఉండాలి. ఫ్లోరాకు తొమ్మిదేళ్లప్పుడు అవి చితికిపోయాయి, ఐసుపెట్టె మూత పడిందని ఆయన అందరికీ చెప్పుకున్నాడు, ఆ రోజు నుంచే ఇంట్లో కొట్టడం ఆగింది.

"మంచిగైనయ్ బిడ్డా," ఆయన ఐదు వేళ్లూ చాపి, మళ్లీ పిడికిలి బిగించి చూపిస్తాడు. "సచ్చినంక అన్నీ మంచిగైతయ్. ఇగ మీ అమ్మను రానియ్యి."

"అది ఐసుపెట్టె మూత కాదు గద."

"కాదు. ఎవ్వరికీ చెప్పలే."

"మా మీద ప్రేమతోనా?"

"సిగ్గుతోని. పెండ్లాం కొట్టిందని ఏ మొఖం పెట్టుకొని చెప్త? ఆమెకు సుత్తి అందిచ్చిందెవరో గుడ నాకెరుకే."

ఆమెకూ ఎరుకే. ఆయన సంచిలోంచి సుత్తి తీసి, నేల మీద పడి ఉన్న అమ్మ చేతిలో పెట్టింది తనే, పిడి నెత్తురుకి జారుతుంటే అమ్మ చిరిగి వేలాడుతున్న నీలం కొంగుపీలికను దానికి చుట్టుకుని, కొట్టి అలిసి కూలబడ్డ ఆయన గడప మీద ఆనించిన చేతి మీద మూడు దెబ్బలు వేసింది.

ఇప్పుడు సుత్తి ఫ్లోరా చేతిలో ఉంది, ఎలా వచ్చిందో తెలియదు, పిడికి నీలం గుడ్డ ఉంది. బల్ల మీది ఆ చేతిని ఆమె కసిదీరా కొడుతోంది, ఎముకలు పటపటమంటున్నాయి, కానీ కొట్టినకొద్దీ వేళ్లు ఒక్కొక్కటే తిన్నగా లేస్తున్నాయి, ఆయన మాత్రం రెండో చేత్తో కంచం ఆమె వైపు జరుపుతూ, "తిను బిడ్డా, సల్లారుతది," అంటున్నాడు, ఎక్కడో గంట మోగుతోంది.

మోగుతున్నది ఫోను. మధ్యాహ్నపు ఎండ మొహాన కొడుతోంది. అమ్మకు కట్టడానికి తెల్లచీర వెతుకుతూ, ఫ్లోరా అమ్మ ట్రంకుపెట్టె అంచు మీదే తలవాల్చి నిద్రపోయింది.

"పనోళ్లొచ్చిన్రమ్మా," అన్నాడు జ్ఞానప్రకాశం. "మీ నాయిన సమాధి తెరువమంటవా?"

"వద్దు."

"వేరే జాగ లేదు గదమ్మా. ప్రహరీ పక్కన, మురికినీళ్ల మోరీ కాడ జెరంత ఉన్నది, అంతే."

"అదే తవ్వమనుండ్రి."

ఫోను పెట్టేసింది. కుడిచెయ్యి ఇంకా పెట్టెలోనే, చీరల అడుగున దేన్నో గట్టిగా పట్టుకుని ఉంది. బయటికి లాగింది. చెక్క సుత్తి. పిడికి చుట్టిన నీలం గుడ్డ ఇన్నేళ్లకు వెలిసి తెల్లబడింది. అది ఊడిపోకుండా కట్టిన దారం మాత్రం కొత్తది.