అరికాలిలో చుట్టాలు

శ్మశానం గేటు దాటగానే అది ఆసుపత్రి వరండా అయిపోతుంది, అయినా డ్రిల్లు మాస్టారు కామేశానికి వింతగా అనిపించదు, ఎందుకంటే వరండా చివర బల్ల మీద భార్య సత్యవేణి, కాటికి తీసుకెళ్ళిన నాటి పసుపుచీరలోనే, టార్చిలైటు పట్టుకుని కూర్చుని ఉంది. షుగరు వల్ల స్పర్శ పోయిన అతని పాదాలకు ముల్లు దిగినా తెలియదు కనుక, బతికుండగా రోజూ అరికాళ్ళు చూసింది ఆమే. అతను అలవాటుగా కాలు చాపుతాడు. ఆమె ఒళ్ళోకి తీసుకుని కట్టు విప్పుతుంది.

"చెప్పులేసుకుంటే ఏం పోయిందండీ?"

"కొరివి పట్టుకున్నవాడు చెప్పులేసుకుంటాడా?"

ఆ రోజు ఎండకి కాటి గచ్చు పెనంలా కాలిపోయిందనీ, ఆమె చితి చుట్టూ తిరిగినంతసేపూ తనకు చీమ కుట్టినట్టయినా లేదనీ, ఇంటికొచ్చాక అరికాలు చూసే దిక్కు లేక పుండు పెరిగిందనీ చెబుతాడు. తెల్లారితే డాక్టరమ్మ కాలు ఉంచాలో తీసేయాలో తేలుస్తుందని కూడా ఎవరి సంగతో చెప్పినట్టు చెబుతాడు. భయం లేదు, బాధా లేదు. ఆమె పోయిననాటి నుంచి అతనికి ఏదీ లేదు.

సత్యవేణి పుండులోకి టార్చి వేస్తుంది. లోపల పరామర్శకు వచ్చిన చుట్టాల్లా జనం కిక్కిరిసి ఉన్నారు, ఎర్రగా, వేడిగా. డాక్టరమ్మ చెప్పిన కణాలు వీళ్ళేనని అతనికి తెలుసు. గాయమైతే చాలు, రక్తంలోంచి పరుగెత్తుకొచ్చి క్రిముల్ని తిని, చచ్చిన కండను ఊడ్చేస్తారట, ఆపైన వాళ్ళలోనే కొందరు బుద్ధి మార్చుకుని కొత్త కండ పట్టించాలట, ఇతని కాలిలో మాత్రం ఊడ్చేవాళ్ళు ఊడుస్తూనే ఉండి, ఉన్న మంచి కండనీ చెరుపుతున్నారట.

"పెద్దకర్మ ఎప్పుడో అయిపోయింది. పొమ్మను వీళ్ళని."

"పొమ్మంటే ఎవరు కడతారండీ? ఊడ్చినోళ్ళే కట్టాలి. ఊడ్చింది చాలని చెప్పండి. మీ కేకకి బడంతా కదిలేది కదా."

అతను నోరు తెరుస్తాడు. గొంతు రాదు. ఆమె వెళ్ళిపోతుందని తెలుస్తూనే ఉంటుంది, ఆపాలని మాత్రం తోచదు, వరండా పల్చబడి పల్చబడి కిటికీలో వెలుతురైపోతుంది.

ఇంట్లో మంచం మీద మెలకువ వచ్చాక చూస్తే కట్టు మీద ఎర్రటి మరక, రూపాయి బిళ్ళంత. ఇన్నాళ్ళూ పచ్చటి చీము నీరే తప్ప నెత్తురు చూడలేదు. తాజా నెత్తురు కనబడితే కొత్త కండ కావచ్చని డాక్టరమ్మ అన్నది.

"వేణీ, ఓసారి ఇలా వచ్చి చూడు," అని వంటింటికి వినబడేలా కేకేస్తాడు.

కేకేశాక గానీ గుర్తురాదు. గుర్తొచ్చాక కూడా చాపిన కాలు దించడు.