పన్నెండు ఎలుకలను తూచిన కాటా

నేను ఒక వంటింటి కాటాను. మామిడికాయ తొక్కులో కారం ఎంత పడాలన్న పోట్లాట వల్ల ఈ ఇంటికి వచ్చాను. కోడలు సుచరిత గ్రాముల్లో చెప్పమంటుంది. అత్త అండాళమ్మ పిడికిలి చూపిస్తుంది.

“నలభై ఏండ్ల సంది పెడుతున్న. నా పిడికిలి తప్పుతదా?”

నా మీద గిన్నె పెట్టి మూడుసార్లు పిడికెడు కారం పోయించారు. మూడుసార్లూ నలభై గ్రాములే చూపించాను.

“గిది గూడ నా దిక్కే ఉన్నది,” అంది అండాళమ్మ. దాంతో వంటింట్లో నా పని తీరింది.

సుచరిత నన్ను వరంగల్‌లో తాను పరిశోధన చేసే ఫార్మసీ కాలేజీకి తీసుకుపోయింది. అక్కడ నా మీదికెక్కినవి కొవ్వు మేత తిని బలిసిన పన్నెండు తెల్ల ఎలుకలు. వాటిలో ఆరు ఎలుకలకు రోజూ తంగేడు పూల కషాయం, మిగతా ఆరు ఎలుకలకు ఉత్త నీళ్లు. ఆ కషాయం కొవ్వును తగ్గిస్తుందా, గుండెకు మేలు చేస్తుందా అన్నది తేలాలి. ప్రతి సోమవారం డబ్బాలో పెట్టి తూచేది. ఎలుక కుదురుగా ఉండదు, నా అంకెలూ ఉండవు. “జర కూసో నాయనా,” అని సుచరిత బతిమాలేది. ఇంట్లో ఎవరినీ ఆమె అంతగా బతిమాలగా నేను చూడలేదు.

నాలుగు వారాలు నీళ్ల ఎలుకలు బరువెక్కుతూ పోయాయి, కషాయం ఎలుకలు తగ్గాయి. ఐదో వారం నుంచి నీళ్ల ఎలుకలూ తగ్గసాగాయి. సుచరిత నన్ను తుడిచి, సున్నా చూసుకుని, మళ్లీ తూచింది. నేనేం చేయను? ఉన్నదే చూపించాను. ఎనిమిదో వారానికి రెండు గుంపులకూ తేడా లేదు. నెలాఖరుకు థీసిస్ ఇస్తేనే ఆమెకు లెక్చరర్ పోస్టు.

ఎలుకలకు మేత వేసే కొమురమ్మను అడిగింది. ఆమె దాచలేదు.

“మిగిలిన కషాయం పారబోయమంటిరి గద మేడం. నాలుగు వారాలు పారబోసిన, ఆ తర్వాత మనసొప్పలే. గీ ఆరింటి నీళ్ల సీసాల్ల పోసిన. ఇవి మాత్రం ఏం పాపం చేసినయ్?”

సుచరిత స్టూలు మీద కూర్చుని బరువులు రాసిన పుస్తకం తెరిచింది. మొదటి నాలుగు వారాల అంకెలే రాసి తక్కినవి వదిలేస్తే పట్టుకునేవారు లేరు. మళ్లీ మొదలుపెడితే, ఎలుకలను బలిపించడంతో కలిపి ఆరు నెలలు, చివర కోసి గుండె చూడడానికి ఇంకో పన్నెండు ప్రాణాలు.

బ్యాటరీలు మార్చాలని ఆ సాయంత్రం నన్ను ఇంటికి తెచ్చింది. ఎలుకలెక్కినదాన్ని పొయ్యి దగ్గరికి తేవద్దని అండాళమ్మ అనడంతో అన్నాలు తినే బల్ల పక్క అలమరలో పెట్టింది. అందరూ కంచాల ముందు కూర్చున్నాక, జరిగింది చెప్పి, “థీసిస్ ఇప్పుడిస్తలేను. మొత్తం మళ్ల చేస్తున్న,” అంది.

భర్త శ్రీశైలం ముద్ద ఆపాడు. “మరి పోస్టు?”

“ఈసారికి పోయినట్టే.”

“గంత పని జేసిన ఆ కొమురమ్మను ఇంకా పెట్టుకుంటరా?” అంది అండాళమ్మ.

“తప్పు నాది అత్తమ్మా. ఎనిమిది వారాలు నా పక్కనే నిలబడ్డది. ఆ ఆరు ఎలుకలకు ఉత్త నీళ్లే ఎందుకిస్తున్ననో ఒక్కనాడన్న చెప్పలే. ఈసారి ఆమెకు చెప్పినంకనే మొదలుపెడత.”