పచ్చి కుండల మీద నాయకుడు

నేను ఒక ఫ్లెక్సీని. చిరిగిన ఫ్లెక్సీయే కదా అని తేలిగ్గా చూడకండి. వరంగల్ ఎండకూ, వానకూ, గాలి దుమారానికీ ఎదురు నిలిచినదాన్ని.

ఓ నాయకుడి పుట్టినరోజుకు నన్ను అచ్చువేశారు. నిండా ఆయన నవ్వు ముఖం, కింద ‘కష్టకాలంలో మీ వెంటే’ అని పెద్ద అక్షరాలు. పొద్దున చౌరస్తాలో నాకు దండ వేసి దండం పెట్టినవాళ్లే, సాయంత్రం గాలికి ఊడిపడితే తొక్కుకుంటూ పోయారు. మనుషుల భక్తి అంత! కుమ్మరి ఐలవ్వ మాత్రం దుమ్ము దులిపి, చుట్టచుట్టి చంకన పెట్టుకుంది.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. మా ఊళ్లో చైత్రంలోనే ఆ పని మొదలవుతుంది. ఇక పచ్చి కుండలెంత? ఎండ తగిలితే పగులుతాయి, వాన తగిలితే కరుగుతాయి. ఆవంలో, అంటే కుమ్మరి బట్టీలో, కాలేదాకా నీడనే ఆరాలి. ఎండాకాలంలో అమ్మే ఆ కుండలే ఐలవ్వకు ఏడాది తిండి. అందుకే నాలుగు గుంజలకు నన్ను కట్టింది. నాయకుడి ముఖం ఆకాశం వైపు, నా వీపు కుండల వైపు.

మర్నాడు ఆవం పెట్టాలనగా సాయంత్రం పడమర నల్లబడింది. సరిగ్గా అప్పుడే నాయకుడి అనుచరుడు సంపత్ బండి ఆపాడు.

“ఏందవ్వా! అన్న మొఖం తెచ్చి కుండల మీద కడ్తవా? జర ఇజ్జత్ ఉండాలె గద!” అంటూ ఓ మూల తాడు విప్పేశాడు.

ఐలవ్వ రెండో మూల పట్టుకుంది. నేనూ బిగుసుకున్నాను. చినిగినా సరే, పోను!

“గుంజు బిడ్డా, గుంజు! మీ అన్న మొఖం తడిస్తే తుడుసుకుంటడు. నా కుండలు తడిస్తే మన్నైతయి. యాడాదంత నాకు బువ్వ నువ్వు పెడ్తవా?”

సంపత్ నోరు తెరిచేలోపే దుమారం లేచింది. వెనకే రాళ్ల వాన. వడగళ్లు టపటపా నెత్తిన పడేసరికి అతను పరుగున వచ్చి నా కిందికే దూరాడు. తాను విప్పిన మూల గాలికి ఎగిరిపోతుంటే, చచ్చినట్టు తానే రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాడు.

“ఇడవకు!” అని ఐలవ్వ అరిచింది.

“ఇడుస్తలేనవ్వా!” అని అతనూ అరిచాడు.

నాకెంత నవ్వొచ్చిందో! వడగళ్లు నన్ను తూట్లు పొడిచాయి. అయినా ఒక్క కుండా కరగలేదు. వాన వెలిశాక సంపత్ ఆ తాడు తానే కట్టి, తల దించుకుని వెళ్లిపోయాడు.

వానాకాలం పోయింది, చలికాలమూ పోయింది. నా తూట్లకు ఐలవ్వ ఎదుటి పార్టీ ఫ్లెక్సీ ముక్కలతో అతుకులు వేసింది. ఆ ముక్కలకూ నాకూ ఏ గొడవా లేదు. నాయకుడి ముఖం వెలిసి మీసం ఒక్కటే మిగిలింది. అక్షరాలు ఎప్పుడో పోయాయి. ఎండలు మళ్లీ ముదురుతున్నాయి, నా కింద కొత్త కుండలు ఆరుతున్నాయి. కష్టకాలంలో వెంట ఉంటానన్న మాట ఆయనది, నిలబెట్టింది నేను. రమ్మనండి ఆ రోహిణిని!