అడిగేవాళ్ల అర

పోనీ, అట్టలు మార్చింది, మంచిదే, పాతవంటే చెదలకి మహా ఇష్టం. నిచ్చెన కిటికీ దగ్గరికి జరిపింది, అదీ సరే, వెలుతురు ఉంటుంది. కానీ అరల జోలికి వెళ్లమని ఈ పిల్లకి ఎవరు చెప్పారు? నీటి సరఫరా కార్యాలయం రికార్డుల గదిలో నిలబడి పెద్దావిడ లోలోపల కుతకుతలాడుతోంది. కంటి ఆపరేషన్ సెలవు ముగించుకుని ఇవాళే వచ్చింది. ఉద్యోగమంతా తను పేర్చుకున్న గదిని, తన కింద పనికి వచ్చిన తమ్ముడి కూతురు తిరగేసి కూర్చుంది.

పై అధికారి పొద్దున్నే పిలిచి చెప్పాడు. "మీరు ఊఁ అంటే రిటైర్మెంట్ ఇంకో ఏడాది జరుపుతాం. అమ్మాయిని పాత ఆఫీసుకే పంపేస్తాం. సాయంత్రంలోగా చెప్పండి."

ఊఁ అనే మాట నోటి చివరిదాకా వచ్చి ఆగింది. ఒక సాకు దొరికితే బాగుండుననిపించింది. పిల్లకి చేతకాలేదన్న సాకు. అలా కోరుకుంటున్నందుకు సిగ్గేసింది, అయినా కోరిక పోలేదు.

"అత్తా, కొత్త కళ్లద్దాల్లో సినిమా తారలా ఉన్నావు," అంది మేనకోడలు బల్ల వెనక నుంచి.

"ఆఫీసులో అత్తా ఏమిటి? మేడమ్ అను."

"అలాగే, మేడమత్తా."

మూలన జిగురు కలుపుతున్న బైండరు కిసుక్కున నవ్వాడు. "జాగ్రత్తమ్మా, మీ అరల్లో మీరే తప్పిపోయేరు."

పెద్దావిడ రోడ్ల అరకేసి నడిచింది. ఏ కాగితమైనా దాన్ని తయారుచేసిన విభాగం అరలో ఉండాలి. అది ఈ వృత్తిలో మొదటి పాఠం. కానీ ఆమె కొన్నిటిని, ఎవరు అడుగుతారో చూసి, వాళ్లు వెతికే చోట పెట్టింది. మార్కెట్ వీధి పైపుల పటం రోడ్ల అరలో ఉండేది. పైపులవాళ్లకి ఆ పైపులు కంఠతా వచ్చు. గునపం దించబోయేవాడికి కదా పటం కావాలి! ఇలాంటివి ఎన్నో. ఎక్కడా రాసి పెట్టలేదు. 'నన్నడిగితే చాలు' అనుకునేది. ఆ మాటలో ఉన్న తీపి ఆమెకు తెలుసు.

చేయి అలవాటుగా పటం ఉండే చోటికి వెళ్లింది. లేదు.

దొరికింది సాకు! అంతలో వేళ్లకి ఒక పసుపు అట్ట తగిలింది. బయటికి లాగింది.

'మార్కెట్ వీధి పైపుల పటం కోసమేనా? పైపుల అర, రెండో వరస. రోడ్డు తవ్వేవాళ్లు ఇక్కడే వెతుకుతారని మేడమ్ దాన్ని ఇక్కడ ఉంచేవారు.'

ఆమె అట్టను రెండుసార్లు చదివింది. తలెత్తి చూస్తే అరల పొడుగునా అక్కడక్కడా పసుపు అంచులు. ప్రతి అంచు దగ్గరా తను ఎప్పుడో, ఎవరికోసమో చేసిన ఆలోచన.

"నీకెలా తెలిసింది?" అంది వెనక్కి తిరక్కుండానే.

"నువ్వు సెలవులో ఉండగా తవ్వేవాళ్లు వచ్చారు. పైపుల అరంతా గాలించాను. లేదు. నీకేమో కళ్లకి కట్టు."

"ఫోన్ చేయొచ్చుగా?"

"చేస్తే దొరికేది ఆ ఒక్క పటమేగా. మా అత్త అయితే ఎవరి కాళ్లు ఎటు నడుస్తాయో చూసి కాగితం పెడుతుంది అనుకున్నాను. అంతే, అన్నీ ఒక్కొక్కటే దొరికాయి."

"అక్కడే ఉంచాల్సింది."

"ఎవరు గీస్తే వాళ్ల అరలో ఉండాలని నేర్పింది నువ్వు. ఆ పద్ధతి తప్పింది కూడా నువ్వే. నేను రెండూ ఉంచాను."

"నోరు చూడు, అచ్చం మా తమ్ముడే," అంది పెద్దావిడ. గొంతు మాత్రం కోపంగా రాలేదు. ఇన్నాళ్లూ తలలో మోసిన గది ఇప్పుడు ఎదురుగా, ఎవరైనా చదువుకునేలా నిలబడి ఉంది. తను లేకపోయినా తనలాగే ఆలోచిస్తోంది. ఇంతకంటే పెద్ద మెప్పు ఎవరైనా ఇవ్వగలరా? అద్దాలు మసకబారితే నెపం ఆపరేషన్ మీదికి నెట్టి, కొంగుతో తుడుచుకుంది.

అట్టను జాగ్రత్తగా దాని చోట దూర్చింది. పైపుల అర రెండడుగుల దూరంలోనే ఉంది. చేయి చాపితే పటం అందుతుంది. ఈ గదిలో ఆమె ఎన్నడూ చీటీ రాసి ఏదీ తీసుకోలేదు.

బల్ల చుట్టూ తిరిగి ఇవతలికి, అడిగేవాళ్లు నిలబడే చోటికి వచ్చింది. కట్టలోంచి ఒక చీటీ చింపి పటం పేరు రాసింది. కింద రెండు గళ్లు: సిబ్బంది, బయటివారు. సాయంత్రంలోగా పై అధికారికి చెప్పాల్సిన మాట గుర్తొచ్చి కలం ఒక్క క్షణం గాలిలో ఆగింది. రెండో గడిలో టిక్కు పెట్టి, చీటీ మేనకోడలి ముందుకి జరిపింది.

"ఈ పటం ఒకసారి ఇప్పిస్తారాండీ?"